బొంత గొడుగు

"అమ్మాయ్, ఆ చిన్న గొడుగు వద్దని మీ ఆయనకి చెప్పు."

చంకలో పాపతో ఆమె గిర్రున తిరిగింది.

గుమ్మంలో ఎవరో పెద్దాయన. భుజాన సంచీ, మాసిన గడ్డం, మొహం నిండా చిరాకు.

పారాచూట్‌ని ఆ గదిలో అందరూ గొడుగనే అంటారు. బల్ల మీద మడిచి ఉన్నది కొత్తది, చిన్నది, మిలమిలా మెరిసేది. సాయంత్రం ఆమె భర్త విమానంలోంచి దూకి దాంతోనే స్టేడియంలోకి దిగాలి, కాళ్ల కింద ఇంటి గోడంత జెండా వేలాడేసుకుని. ఈ జట్టులో అతనికిదే మొదటిసారి.

పొద్దున్నించీ ఆమెకి ఒకటే భయం. ఆ భయమంతా ఎవరిమీద కక్కాలో తెలీక ఉడికిపోతోంది. దొరికాడు ఈయన.

"నువ్వెవరయ్యా చెప్పడానికి?"

"ఎవరైతేనేం? అంత జెండా కట్టుకుంటే అది మనిషిని ఒకటే లాగుతుంది. స్టాండు వెనక గాలి సుడి తిరిగిందంటే ఆ చిన్నది చేతిలో ఉండదు. రాయిలా పడతాడు. పెద్ద గొడుగు కావాలి. నిదానంగా దిగేది."

"అది ఏరి పెట్టింది మా బాబాయ్. జట్టుకి మేనేజరు. ఆయనకి తెలీదా?"

"ఫోటోలో ఏది బాగా పడుతుందో తెలుసు. గాలి సంగతి ఆయన్నడక్కు."

"నోరు అదుపులో పెట్టుకో!"

"ముందు నీ మొగుణ్ణి అదుపులో పెట్టు. పసిపిల్లని చంకనేసుకుని నామీద అరుస్తావేం?"

పాప బెదిరి ఏడుపందుకుంది. దాంతో ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"తెలిసిందిలే నీ బాధ! ఈ చోటు మా ఆయనకి దక్కిందని కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నావ్. ఊరికే రాలేదయ్యా ఇది. ముందొకాయన ఉండేవాడు, బొంతాయన. ఆ పేరు నేనే పెట్టా. అతుకుల గొడుగేసుకుని నత్తలా దిగేవాడట. ఆయన నేలకొచ్చేలోపు జనం ఓ కునుకు తీసి లేచేవాళ్లట. మా బాబాయ్ ప్రాణాలు తోడేసి నేనే తీసేయించా. నువ్వెంత గింజుకున్నా లాభం లేదు."

"ఆయన దిగడం నువ్వు చూశావా?"

"మొహమే చూళ్లేదు. చూడాల్సిన ఖర్మ నాకేంటి?"

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయి, పళ్లు కొరుక్కుని, సంచీ భుజాన సర్దుకుని విసవిసా వెళ్లిపోయాడు.

'పీడా పోయింది' అనుకుందామె.

వరండా చివరిదాకా వెళ్లినవాడు ఆగాడు. అంతే విసురుగా వెనక్కొచ్చి సంచీని దబ్బున బల్ల మీద పడేశాడు.

"ఇది వేసుకోమను."

"తీసుకెళ్లు నీ చెత్త! గార్డుని పిలుస్తా!"

"పిలుచుకో."

పిలిచింది. గార్డు వచ్చి ఆయన రెక్క పట్టుకుని గేటు బయటికి గెంటేదాకా అరుస్తూనే ఉంది.

భర్త వచ్చి సంచీ విప్పాడు.

"ఎవరిదిది?"

"ఎవడో మతిలేనివాడిది. అవతల పారేయండి."

అతను పారేయలేదు. కిటికీలోంచి ఊగుతున్న చెట్లని చూశాడు. సంచీలోంచి పెద్ద గొడుగు తీసి నేలమీద పరిచి, గుడ్డ జానెడు జానెడు తడిమి, ఒక్కో తాడూ లాగి చూసి, తను ఒంటికి కట్టుకునే బెల్టులకి తగిలించుకుని మళ్లీ మడిచాడు.

"బాబాయ్‌కి ఏం చెప్తారు?"

"కిందకొచ్చాక చెప్తాలే. ముందు రావాలిగా!"

"అవేం మాటలండీ?"

"పొద్దున్నించీ నీ ఒక్కదానికే భయమనుకుంటున్నావా?"



సాయంత్రానికి గాలి ఇంకా ముదిరింది. ముందు తోటివాడు దిగాడు, ఇంకో జెండాతో, చిన్న గొడుగు మీద. స్టాండు దాటగానే జెండా పక్కకి ఈడ్చింది. గొడుగు ముందుకి తూలింది. మనిషి వెళ్లి కంచెకి కొట్టుకున్నాడు. కాలు విరిగిన చప్పుడు తనకే వినబడిందనిపించి ఆమె పాపని గుండెకి అదుముకుంది.

తరవాత తన మనిషి. అదే గాలి, అదే చోటు. జెండా అలాగే ఈడ్చింది. నెత్తిన ఆ పెద్ద గొడుగు ఒక్కసారి ఊగింది, నిలదొక్కుకుంది. కింద ఉన్నవాళ్లు జెండాని నేల తగలకుండా చేతుల్లోకి అందుకున్నారు. అతను మెట్టు దిగినట్టు దిగాడు.

ఆమె ఏడుస్తూ పరిగెత్తింది. ఆమెకంటే ముందే బాబాయ్ అక్కడ నిప్పులు కక్కుతున్నాడు.

"గొడుగెవడు మార్చమన్నాడ్రా? కొత్తదేది? ఈ గోనెపట్టా ఏంటి నా షోలో?"

వంగి గుడ్డ అంచు పట్టుకుని తిరగేసి చూశాడు.

"ఇది... ఇక్కడికెలా వచ్చిందే?"

"ఎవరో గడ్డమాయన పడేసిపోయాడు బాబాయ్. గార్డుతో గెంటించా."

బాబాయ్ ఒక అతుకు మీద వేలు పెట్టాడు. ఆమె కళ్లలోకి చూడలేదు.

"ఇది బొంతాయనదే."

పాపని ఎత్తుకునే ఆమె గేటు దాకా పరిగెత్తింది. గార్డు కుర్చీలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"ఎటెళ్లాడు ఆయన?"

"ఏమోనమ్మా. తమరేగా గెంటమన్నారు?"

వీధిలో దుమ్ము తప్ప ఎవరూ లేరు.

వరండా చివరిదాకా పోయిన ఆయన సంచీతో వెనక్కి తిరిగింది, తన గురించి ఆమె అన్నదంతా విన్న తరవాతే.