మందమర్రి నంబరు

“భానుప్రసాద్ గారేనా సార్? మీకోసం స్పెషల్ పండుగ బోనస్ ఉంది.”

“చెప్పు బిడ్డా.”

అలేఖ్య తల పట్టుకుంది. మళ్లీ ఆ మందమర్రి ముసలాయనే.

కరీంనగర్‌లో టైర్ల షాపు పైన, బోర్డు లేని ఆఫీసు అది. ఒక ఆన్‌లైన్ పేకాట సైటు తరఫున పదహారు మంది అమ్మాయిలు అక్కడ ఫోన్లు చేస్తారు. ఆడి మానేసిన వాళ్లను మళ్లీ ఆటలోకి దింపడం వాళ్ల పని. అవతలివాళ్లు పెట్టేసేదాకా వీళ్లు ఫోన్ పెట్టకూడదు.

ముసలాయన పెట్టేయడు.

“గెలిస్తే గోవాల కాసినో ఓడ మీదికి గూడ తీస్కపోతరా? తిండి మీదేనా?”

అన్నీ విని, చివరికి ఒకటే మాట.

“సమజ్ గాలే బిడ్డా. జర మల్ల చెప్పు.”

రోజూ అరగంట. ఒక్క ఆటా ఆడింది లేదు.

“సార్, గా అరగంటల పది మందికి చేస్తుంటి,” అని అలేఖ్య మేనేజర్ విజయేందర్‌తో మొర పెట్టుకుంది.

అతను హెడ్‌ఫోన్ లాక్కుని, ఇంకా లైన్లోనే ఉన్న ముసలాయనను స్పీకర్లో పెట్టాడు.

“ఏమయ్యా! ఆడపిల్లల గొంతు ఇనెటందుకు ఫోన్ ఎత్తుతున్నవా? సిగ్గు లేదా నీకు?”



“తిట్టు సారూ. ఫోన్ మాత్రం పెట్టకు.”

ఆఫీసంతా పగలబడి నవ్వింది. విజయేందర్ ఆ నంబరును జాబితాలోంచి తీసేశాడు.

వెంటనే అలేఖ్యకు ఖానాపూర్ నంబరు కలిసింది. గోపాల్.

“ఆట మానేసిన మేడం. మొన్ననే పెండ్లయింది.”

“అందుకే సార్, పెళ్లి కానుకగా మొదటి ఆట మీకు ఫ్రీ. మీలాంటి ఆటగాణ్ని మేం ఎలా మరిచిపోతాం?”

గోపాల్ మళ్లీ ఆటలోకి దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. విజయేందర్ అందరిచేత చప్పట్లు కొట్టించాడు.

ఇరవై రోజుల తర్వాత, గోపాల్ ఆడటం ఆపేశాడని జాబితా చూపిస్తే అలేఖ్య మళ్లీ ఫోన్ చేసింది. ఎవరో అమ్మాయి ఎత్తింది.

“ఆయన లేడక్కా. ఉన్నదంతా పోగొట్టుకొని పురుగుల మందు తాగిండు.”

అలేఖ్య ఆ మాట విజయేందర్‌కు చెప్పింది.

“గా నంబర్ తీసెయ్,” అన్నాడు విజయేందర్. “ఇంకోటి చెయ్.”

ఆమె లేచి మెట్ల మీదికి వెళ్లింది. ఎందుకో, తనను బిడ్డా అని పిలిచిన గొంతు వినాలనిపించింది. రోజూ చేసి గుర్తుండిపోయిన మందమర్రి నంబరుకు సొంత ఫోన్‌తో చేసింది.

ఒక పెద్దావిడ పలికింది.

“భానుప్రసాద్ గారున్నారా?”

“నువ్వు పేకాట ఫోన్ పిల్లవా? భానుప్రసాద్ నా కొడుకు. గా ఆటలనే పాణం తీసుకున్నడు, యాడాది దాటింది. నీతోని మాట్లాడింది మా ఆయన.”

“మరి... రోజూ ఎందుకు ఎత్తేవారమ్మా?”

“నువ్వు ఆయనతోని మాట్లాడినంతసేపు ఇంకొకల కొడుక్కు ఫోన్ పోదని.”