కళ్ళజోడు దగ్గర ఆగిన కథ

"జరిగిపోయినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పండి. ఇంగ్లీషులో కథ అలా చెబితే కళ్ళకు కట్టినట్టుంటుంది" అని పెద్దల ఇంగ్లీషు క్లాసులో పంతులమ్మ నేర్పిన రోజు నుంచి ముసలి దర్జీ ఒకటే కథ చెబుతున్నాడు.

భార్య మిషను ముందు కూర్చుంటుంది. సూదిలోకి దారం ఎక్కదు. కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతుంది. అది తలమీదే ఉంటుంది. ఆయన నవ్వుతాడు.

నాలుగోరోజు కూడా అక్కడే ఆగిపోయాడు.

"మాటలు దొరకడం లేదా బాబాయిగారూ? నేనందిస్తాను. తర్వాత ఏమవుతుంది?"

"మాటలున్నాయమ్మా. బట్టీ పట్టే వచ్చాను." దర్జీ మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకున్నాడు. "అవి కూడా చెప్పేస్తే ఆవిడ మళ్ళీ పోతుంది. ఈసారి నా కళ్ళముందే."

పంతులమ్మ గడియారం చూసింది. క్లాసు అయిపోవడానికి ఇంకా పది నిమిషాలున్నాయి.

"ఆవిడ ఇంకా కళ్ళజోడు వెతుక్కుంటోంది బాబాయిగారూ," అంది. "ఎక్కడుందో చెప్పకండి."