కోన్ల నడుమ మాధవీలత

2011లో ఓ ఆదివారం. జనగామ శివారు మైదానంలో, కార్ల పిచ్చి ఉన్న ఎనిమిది మందికి హైదరాబాద్ కోచ్ రమాకాంత్ వేగంగా కారు నడపడం నేర్పుతున్నాడు. రెండు రోజుల క్లాసుకు ఆ రోజే ఆఖరి పరీక్ష. వంకరటింకరగా నిలబెట్టిన ప్లాస్టిక్ కోన్లలో ఒక్కటి తగిలినా సర్టిఫికెట్ రాదు.

ఏడుగురు మగవాళ్లూ కోన్లు పడగొట్టారు.

చివరికి గిన్నెల దుకాణం మాధవీలత వంతు వచ్చింది.

"మెల్లగనే పోండమ్మా, ఏం కాదు," అన్నాడు రమాకాంత్.

ఆమె కొంగు నడుముకు దోపి, దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయింది. ఒక్క కోనూ కదల్లేదు.

రమాకాంత్ నోరు తెరిచాడు. "ఆ ఇరుకుల అంత స్పీడ్ ఎట్లమ్మా? రాస్తారోకోలల్ల రాళ్లు తప్పించి తప్పించి అలవాటైందా?"

"తప్పించుడు కాదు సార్, గా రాళ్లు పెట్టేదే నేను. తెలంగాణ వచ్చేదాంక పెడ్త. అంబులెన్స్ పోయేటంత సందు మాత్రం ఇడుస్త. గా కొలత నా కండ్లల్లనే ఉంటది."

రమాకాంత్ ముఖం మాడిపోయింది. "అయితే మొన్న బేస్తారం పెంబర్తి కాడ నన్ను మూడు గంటలు ఆపింది..."

"మేమే సార్," అంది మాధవీలత సర్టిఫికెట్ అందుకుంటూ. "గంతసేపు హారన్ కొట్టింది మీరేనా? మీ హారన్‌కే తాళం కలిపి నినాదాలిచ్చినం."