బుధ, శనివారాలు

మేడ మెట్లు దిగి వచ్చిన పెద్దాయన సుగంధి చేతిలో మళ్లీ ఒక కాగితం పెట్టాడు.

"ఇది చదవండమ్మా."

"ఏంది పెద్దయ్యా ఇది? నిన్నగాక మొన్న ఒకటి ఇస్తిరే?"

ఆయన జవాబు చెప్పలేదు. మెట్ల పక్క వసారాలో ఉయ్యాలలోని బిడ్డను ఒకసారి చూసి, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

సుగంధికి ఒళ్లు మండింది. ఆమె కంటినిండా నిద్రపోయి నాలుగు నెలలైంది.

ఏడు నెలల కొడుకు ముత్తుకు ఎగ్జిమా. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక, బుగ్గల మీద చర్మం ఎర్రగా పొక్కి ఉంటుంది. గోక్కుంటాడు, ఏడుస్తాడు, అరగంట పడుకుని మళ్లీ లేస్తాడు. చేతులకు మేజోళ్లు తొడిగితే మొహాన్ని పరుపుకేసి రుద్దుకుంటాడు.

డాక్టరు పూత మందు ఇచ్చాడు. స్నానం కాగానే, ఒంటి తడి ఆరకముందే క్రీము రాయమన్నాడు. "వీడికి ఏదో పడటం లేదు. అదేదో ఇంట్లో మీరే కనిపెట్టాలి" అని కూడా అన్నాడు.

సుగంధి సబ్బు మార్చింది. బట్టలుతికే పొడి మార్చింది. ఏమీ తేడా లేదు.

అత్త అంబుజం మాత్రం మంగళ, శుక్రవారాల్లో దిష్టి తీసేది. విచిత్రంగా ఆ రెండు రోజులూ బిడ్డ కాస్త పడుకునేవాడు.

"చూస్తివా నా చేతి మహిమ!" అనేది అంబుజం. కాదనే ఓపిక సుగంధికి లేదు.

సాయంత్రం భర్త దినకరన్ ఆఫీసు నుంచి రాగానే కాగితం చూపించింది.

అంతా తెలుగు. వాళ్లింట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతారు. అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. పుట్టి పెరిగింది తమిళ ఊళ్లో, బడిలో చదివింది తమిళమూ ఇంగ్లీషూ. ఆ సంగతి నెల్లూరు నుంచి వచ్చి పై గదిలో దిగిన పెద్దాయనతో చెప్పుకోవడం నామోషీ. ఫోన్‌లో ఫొటో తీసి చూశారు. ఆ గొలుసుకట్టు రాత ఫోన్‌కూ అంతుబట్టలేదు.

అంకెలొక్కటే తెలుస్తున్నాయి. 26, పక్కన 2.10. పాత కాగితాల మీదా అంతే. 12, 15, 19, 22. ప్రతిదాని పక్కనా టైము.

"బిడ్డ ఏడ్చినప్పుడల్లా టైము రాసి పెడతా ఉండాడు ముసలాయన. ఇంటాయనకు చూపించి మనల్ని పంపించేదానికే ఇదంతా" అన్నాడు దినకరన్.

"మనం ఇల్లు ఖాళీ చెయ్యాల్నా అయితే? ఈ బిడ్డను ఎత్తుకొని యాడికి పోయేది?" సుగంధి బిడ్డను ఒళ్లోకి లాక్కుంది.

దినకరన్ విసవిసా మెట్లెక్కాడు.

"పసిబిడ్డ అన్నాక ఏడవడా? ఒళ్లంతా మంటతో ఏడస్తా ఉంటే లెక్కలు రాస్తారా మీరు?"

పెద్దాయన అతని మొహంలోకే చూస్తూ చిన్నగా నవ్వాడు.

ఆ నవ్వుకి దినకరన్ తిక్క నెత్తికెక్కింది. కాగితాన్ని ఆయన ముందు ఆడించి, వీధివైపు చెయ్యి చూపించాడు. "నచ్చకుంటే మీరే ఇంకో ఇల్లు చూసుకోండి!"

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. శనివారానికి గది ఖాళీ అయింది.

"పీడ పోయింది" అంది అంబుజం.

బిడ్డ గోకుడు మాత్రం పోలేదు. పది రోజులు చూసి సుగంధి ఆ అయిదు కాగితాలూ భర్త చేతిలో పెట్టింది.

"తిట్టింటే తిట్టింటాడు. ఏం రాసినాడో ఎవురితోనన్నా చదివించు."

దినకరన్ ఆఫీసులో యానాం నుంచి బదిలీ మీద వచ్చిన లోకేశ్వరి ఉంది. ఆమె కళ్లజోడు సర్దుకుని చదివింది.

"ఇవి తిట్లు కావండీ. మీ బాబు గురించే రాశారు. 'శనివారం మీ సాంబ్రాణి పొగ పైకి వచ్చింది. బాబు గోక్కోవడం మొదలుపెట్టాడు. ఆదివారం కూడా గోక్కున్నాడు. మంగళవారం పడుకున్నాడు. బుధవారం మళ్లీ పొగ, 2.10కి మళ్లీ గోకుడు.' అన్నిట్లోనూ ఇదే వరసండీ. చివరి దాంట్లో 'అమ్మా, పొగ మానేసి చూడండి. డాక్టరు మందు మానకండి' అన్నారు."

"ఏడుపు గురించి?"

"ఏడుపన్న మాటే లేదండీ ఇందులో."

మగబిడ్డ కాబట్టి బుధ, శనివారాల్లో తలంటు. తలంటగానే అంబుజం సాంబ్రాణి పొగ పట్టేది. అది మందు కాదు, తిండి కాదు. దాని సంగతి డాక్టరుకు చెప్పాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఆ శనివారం సుగంధి అత్త చేతిలోంచి ధూపం గిన్నె లాక్కుంది. అంబుజం రెండు రోజులు అలిగింది.

పూత మందు, క్రీము మానలేదు. మూడో వారానికి బుగ్గల మీద ఎరుపు తగ్గింది. ఒక మధ్యాహ్నం ముత్తు ఏకబిగిన మూడు గంటలు పడుకున్నాడు. సుగంధి భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలాక గోడకు చేరబడి ఏడ్చేసింది.

మర్నాడే దినకరన్ ఊరవతలి అరియాంకుప్పం వెళ్లి ఇంటాయన కుప్పుస్వామిని కలిశాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"మేడమీదాయన యాడుండాడు మామా? మన్నించమని అడగాల."

"శివలింగమా? గది బీగంచెవి ఇచ్చి పోయినాడు. యాడికో చెప్పలేదే."

"ఫోన్ నంబరన్నా ఇవ్వు మామా. నా నోటితో చెప్పుకుంటా."

కుప్పుస్వామి అతన్ని వింతగా చూశాడు.

"నెల దినాలు ఒకే ఇంట్లో ఉండి నీకు తెలీదా? ఏదున్నా కాగితం మీదే గదా ఆయనతో. ఆయనకు పదేండ్లుగా రెండు చెవులూ బొత్తిగా వినపడవు."