ఆదివారం కోటు జేబు

వీధి గేటు చప్పుడవగానే సువార్తమ్మ భర్త వాడే బీపీ మాత్రలు కొంగులో దాచుకుని గదిలోకి పరుగెత్తింది. జబ్బుందని తెలిస్తే ఆరోగ్య బీమా పాలసీ ఇవ్వరట!

వసారాలో ఏజెంటు చెబుతున్నాడు. "రెండు పాలసీలున్నాయి మాస్టారూ. మొదటిది చవక, కానీ పాత జబ్బుల మందులకి పైసా రాదు. రెండోది ఖరీదు. జబ్బేంటో ముందే చెప్పేస్తే, రెండేళ్లు దాటాక ఆ మందులకీ ఇస్తారు. ఇంట్లో ఎవరన్నా మందులు వాడుతున్నారాండి?"

"లేదండి," అన్నారు ఆమె భర్త, రిటైరైన ఏసుపాదం మాస్టారు.

సువార్తమ్మ ఆ మాత్రల్ని ఆయన చర్చికి వేసుకెళ్లే కోటు జేబులో కుక్కబోయింది. వేళ్లకి చిన్న సీసా తగిలింది. తీసి చూసింది. నాలుక కింద పెట్టుకునే గుండె మాత్రలు! తన అన్న పోయిన రోజు అతని గుప్పిట్లో ఉన్నదీ ఇలాంటి సీసాయే.

మొన్న రేపల్లె చర్చిలో పాట మధ్యలో ఆయన జేబులో చెయ్యి పెట్టుకుని కూలబడింది ఇందుకా? గొంతు పట్టేసిందన్నారే!

ఆమె వసారాలోకొచ్చి సీసా, మాత్రలు అన్నీ బల్లమీద పెట్టింది. మాస్టారు తల దించుకున్నారు.

"రెండోదే రాయి బాబూ," అందామె.

"రెండేళ్లాగాలి మరి, అమ్మగారూ."

సువార్తమ్మ ఏజెంటు వంక చూడలేదు.

"ఏవండీ," అంది, "రెండేళ్లూ ఉంటారు కదా?"