పొట్టి చేతుల చొక్కా

పండుగ పొద్దున పెద్దాయన కొత్త చొక్కా తొడుక్కుని చేతులు చాపి చూసుకున్నారు.

చొక్కా చేతులు మణికట్టు దాకా రాలేదు. రెండు వేళ్ళ మేర తక్కువ.

కొడుకు చొక్కా లోపలికి దోపుకుంటే, వంగినప్పుడల్లా పైకి వచ్చేస్తోంది. పెద్దల్లుడికి బొత్తాలు పెట్టుకుంటే ఊపిరాడటం లేదు. కూతురు తన పిల్లల గౌన్లు తిరగేసి చూసి, అంచుకి మడతే వదల్లేదు, వచ్చే ఏడాది పొడుగు చేద్దామన్నా కుదరదు అని సణిగింది.

ఆ ఇంట్లో పండక్కి పదకొండు మందికీ ఒకే తానులోంచి గుడ్డ తీస్తారు. అది పెద్దాయన పెట్టిన పద్ధతి. అందరూ కొత్తవి వేసుకుని, గుమ్మం మెట్ల మీద వయసు ప్రకారం నిలబడి ఫొటో దిగాలి. అప్పుడు ఆయన ఏటా ఒకటే జోకు వేస్తారు, "మనమంతా ఒకే తాను గుడ్డలమర్రా" అని. అందరూ నవ్వేస్తారు, నవ్వకపోతే మళ్ళీ చెబుతారని.

కుట్టేది వీధి చివరి దర్జీ. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది కాబట్టి పిల్లలకి టేపు తాత. ఇరవై రెండేళ్ళుగా అతని చేతి కుట్టే. వంక పెట్టే పని ఎన్నడూ పడలేదు.

ఈసారి ఇంట్లో పన్నెండో మనిషి ఉంది. కొడుకూ కోడలూ అనాథాశ్రమం నుంచి తెచ్చి పెంచుకుంటున్న ఆరేళ్ళ పాప. వచ్చి నలభై రోజులు. పెద్దాయన భార్య, అంటే కోడలి అత్తగారు, ఆ పెంపకాన్ని ఔననలేదు, కాదనలేదు. పాపకి వేళకి అన్నం పెట్టేది, అంతే.

పాప ఏదీ అడిగేది కాదు. కుర్చీలో కూర్చోమంటే అంచున కూర్చునేది, ఎవరైనా వస్తే లేచి ఇచ్చేయాలేమో అన్నట్టు.

ముందురోజు దర్జీ పంపిన మూట విప్పితే, అన్నిటికన్నా అడుగున అదే గుడ్డతో కుట్టిన చిన్న గౌను కనిపించింది. అత్తగారే కుట్టించింది, పైకి చెప్పదు అని కోడలు అనుకుంది. కోడలే వెళ్ళి కుట్టించుకుంది, నాతో ఒక్క మాట అనలేదు అని అత్తగారు అనుకుంది. ఇద్దరూ నోరు విప్పలేదు.

పాప గౌను ముట్టుకోలేదు.

"ఇది ముందు ఎవరిది?" అని అడిగింది.

ఆశ్రమంలోనూ పండక్కి బట్టలు వచ్చేవి. అవన్నీ ఎవరో వేసుకుని వదిలేసినవి.

"ఎవరిదీ కాదు. నీ కొలతకే కుట్టింది," అంది కోడలు.

ఫొటోకి పాప అన్నిటికన్నా కింది మెట్టు మీద, ఊపిరి బిగబట్టి నిలబడింది. పెద్దాయన జోకు వేశారు. ఆ ఏడు దానికి నిజంగా నవ్వింది పాపొక్కతే.

పండుగ మర్నాడు పెద్దాయన దర్జీ కొట్టుకి బయల్దేరారు. పాప వెంటపడితే వేలు పట్టుకుని తీసుకెళ్ళారు. కొట్టులో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. పక్క కొట్టులో బొత్తాలమ్మే ఆవిడ కూడా తొంగి చూసింది.

"నేనేమైనా గుడ్డ తక్కువిచ్చానా?"

"లేదండీ. ఎప్పుడూ ఇచ్చినంతే ఇచ్చారు."

"మరి నా చొక్కా చేతులేమయ్యాయి?"

దర్జీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కత్తెర జారిందండీ."

"పదకొండింటికీ జారిందా?"

ఇరవై రెండేళ్ళు దొంగ చేతికి తాళాలిచ్చానని అందరి ముందూ అన్నారు పెద్దాయన.

"తప్పు నాదేనండీ. క్షమించండి," అన్నాడు దర్జీ.

మాట వీధి దాటడానికి ఎంతసేపు? టేపు తాత గుడ్డ కొట్టేస్తాడట అని ఒకరు, మా లంగాకీ అలాగే చేశాడు అని ఇంకొకరు. ఒక్కొక్కరే గుడ్డ ఇవ్వడం మానేశారు. కొన్నాళ్ళకి మిషను చప్పుడు వినపడలేదు. ఎవరూ పట్టించుకోలేదు.

మళ్ళీ పండుగ వచ్చింది.

కొత్త దర్జీ కోసం అత్తగారు అందరి కొలతలూ రాస్తోంది. ఈ ఏడాదిలో పాప ఆవిడకి బాగా చేరికైంది. పోయినేడు పాపవి ఎంతెంత ఇచ్చావు, ఒక్కో అంగుళం కలుపుతాను అని కోడలిని అడిగింది.

"నేనివ్వలేదత్తయ్యా. మీరిచ్చారుగా?"

"నేనెక్కడిచ్చాను? గుడ్డ కూడా నువ్వే వేరే కొనిచ్చావనుకున్నాను."

ఇద్దరూ పాపని పిలిచి అడిగారు.

పాప చెప్పింది. బడి నుంచి వస్తూ కొట్టు ముందు నిలబడితే టేపు తాత పిలిచాడట. పండక్కి నువ్వేం వేసుకుంటావమ్మా అంటే తెలీదందట. మీ నాన్నమ్మ నీ కొలతలు కూడా రాసి పంపింది, ఆ చీటీ నేనే పారేసుకున్నాను, ఇంట్లో చెప్పకు తిడతారు అని, టేపు తీసి కొలిచాడట.

అత్తగారి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆవిడ కొన్నది పదకొండు మందికి సరిపడా గుడ్డ. కొలిచి మరీ కొన్నది. పన్నెండో గౌను అందులోంచే వచ్చింది.

పక్క గదిలో వింటున్న పెద్దాయన చెప్పులేసుకుని వెళ్ళారు. పాప వస్తానంటే వద్దన్నారు.

కొట్టు మూసి ఉంది. దర్జీ సొంతూళ్ళో చనిపోయి మూడు నెలలైందని బొత్తాల కొట్టావిడ చెప్పింది.

పెద్దాయన ఆ గుమ్మంలోనే కూర్చున్నారు.

"జరిగింది చెప్పేస్తే సరిపోయేది కదమ్మా," అన్నారు.

"మీరు తిట్టి వెళ్ళాక నేనూ అదే అన్నానండీ," అందావిడ. "ఎలా చెప్పేదమ్మా, పాప వింటోందిగా అన్నాడు."