ఎడమవైపు జేబు

“తలకి దగ్గరగా అయస్కాంతం ఏదైనా వచ్చిందా?” అంది డాక్టరమ్మ, ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూస్తూ.

అతను దర్జీ. ఆ మాట వినగానే చెయ్యి దానంతటదే చొక్కా ఎడమ జేబు మీదికి పోయింది. కింద పడ్డ గుండుసూదులు ఏరడానికి ఎప్పుడూ అందులో ఉండే అయస్కాంతం తీసి బల్ల మీద పెట్టాడు. మూడు సూదులు దాన్నింకా వదల్లేదు.

డాక్టరమ్మ అతని జేబు వంక చూసింది. పక్కన కూర్చున్న అతని భార్య కుడి చెవి వెనక, జుట్టు కింద ఉన్న చిన్న ఉబ్బు వంక చూసింది. ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. పెళ్ళయి రెండు నెలలు. సాయంత్రం అతను దుకాణం కట్టేసి వచ్చి కూర్చోగానే, కొత్త బట్ట వాసనా సుద్ద వాసనా కలిసిన ఆ జేబు మీదే ఆమె తల వాలుస్తుంది.

మెదడులో ఎక్కువైన నీటిని కడుపులోకి దించే గొట్టం ఆమెకి ఉందని పెళ్ళికి ముందే అతనికి తెలుసు. ఆ గొట్టానికి చెవి వెనక బుల్లి కుళాయిలాంటిది ఉంటుందనీ, అయస్కాంతం ఆనితే దాని అమరిక మారి నీరు సరిగా దిగదనీ మాత్రం ఇప్పుడే తెలిసింది. పది రోజులుగా ఆమెకి తలపోటు, వాంతులు, ఒక్క మనిషి ఇద్దరుగా కనిపించడం. అన్నిటికీ కారణం తన జేబు.

ఈ సంగతి మీవారికి చెప్పలేదా అని డాక్టరమ్మ అడిగితే ఆమె తల దించుకుంది.

కుళాయిని డాక్టరమ్మ అక్కడికక్కడే సరిచేసింది. ఇంకో దారి కూడా ఉందని చెప్పింది. ఆమె తలలో నీరు పోయే సన్నని దారి ఒకచోట మూసుకుపోయింది కాబట్టి, కెమెరా ఉన్న పరికరం లోపలికి పంపి, నీరు నిలిచే గది అడుగున చిన్న రంధ్రం పెట్టవచ్చు. అది నిలబడితే గొట్టంతోనూ కుళాయితోనూ పని లేదు. కొందరికి మళ్ళీ పూడుకుపోతుంది. రక్తం కారే ప్రమాదం కొద్దిగా ఉంది. వారం ఆలోచించుకుని రమ్మంది.

ఆ వారమంతా అతను సొంత ఇంట్లో దొంగలా తిరిగాడు. అయస్కాంతాన్ని చెత్తబుట్టలో పడేసి, నడుం వంచి సూదులు ఒక్కొక్కటే ఏరుకున్నాడు. గుమ్మంలోనే జేబులు దులుపుకుని, చొక్కా మార్చుకుని గానీ లోపలికి రాలేదు. ముందుగదిలో చాప వేసుకున్నాడు. ఆమె మంచినీళ్ళిస్తే చెయ్యి బారచాచి అందుకున్నాడు. అంత దూరం నుంచి కొలతలు తీస్తే ఏ చొక్కా కుదురుతుందని ఆమె వెక్కిరించినా నవ్వలేకపోయాడు.

వారం తిరిగింది. డాక్టరమ్మ ఆపరేషన్ కాగితం బల్ల మీద పెట్టిందో లేదో, అతని భార్య చకచకా సంతకం చేసేసింది.

అతను కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు.

“అదేమిటే? ఆ పాడు ముక్కని పారేశాను కదా. ఇక జన్మలో జేబులో పెట్టను. తప్పు నాదైతే నీ తలకి కన్నం ఎందుకు?”

ఆమె కలం మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

“చిన్నప్పట్నుంచీ అందరూ జాగ్రత్త జాగ్రత్త అంటూ నన్ను ముట్టుకోడానికే జంకేవాళ్ళండీ. భయం లేకుండా దగ్గరికి తీసుకున్నది మీరొక్కరే,” అంది అతని వైపు చూడకుండా. “జేబులో ఉన్నది అయస్కాంతమని నాకు మొదటి రోజే తెలుసు. చెబితే మీరూ ఇలాగే దూరం జరుగుతారని, తెలిసే తల వాల్చాను.”